అతిథి కంటికి కనబడని లోపము

విశ్రాంతి మానవునికి విలాసము కాదు, అవసరము. ఈ సత్యమును జంషెడ్‌పూర్ నగరము మన దేశములోని అనేక పట్టణములకంటె ముందుగా నేర్చుకొనెను. 1907లో స్థాపింపబడిన టాటా ఉక్కు కంపెనీ 1912లో కార్మికులకు ఎనిమిది గంటల పనిదినమును, 1920లో జీతముతో కూడిన సెలవును ఏర్పరచెను. కొలిమి యెదుట నిలుచువాని దేహము అలసిపోవునని, ఆ అలసటకు పని చేయించుకొనువాడు లెక్క చెప్పవలెనని ఒప్పుకొనుటయే ఆ యేర్పాటులోని ధర్మము.

ఆ నగరమునకు శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతములనుండి పని వెదకుచు తరలిపోయిన తెలుగువారు అనేకులు. ఆ తరమువారికి సెలవనగా స్వగ్రామ ప్రయాణమే: పెదనాన్నగారి ఇల్లు, మేనమామగారి ఇల్లు, అరుగుమీద చాప. వారి మనుమలలో కొందరు ఇప్పుడు సముద్రతీరమందలి పెద్ద హోటళ్లలో గదులు కుదుర్చుకొనుచున్నారు. ఇది తప్పు కాదు. ఏడాదియంతయు కష్టించినవాడు రెండు దినములు కడలిగాలి కోరుట సహజము. అయితే అట్టి ప్రయాణమునుండి తిరిగి వచ్చినవారి నోట సముద్రమును గూర్చిన మాటలకంటె హోటలు లోపములను గూర్చిన మాటలే తరచుగా వినబడును. వెల యిచ్చి తెచ్చుకొనిన విశ్రాంతి యేల తృప్తి నియ్యదు? లోపమును ఎత్తిచూపుట ధర్మమా, సణుగుడా?

టాటానగర్ స్టేషనుకు సమీపముననున్న పర్సుడీహ్ నుండి పూరీకి పోయిన ఒక తెలుగు కుటుంబమును ఊహింతము. పటములో కిటికీనిండ సముద్రమున్నది. వచ్చి చూడగా ప్రక్క మేడ గోడయు, దాని అంచున జానెడు నీలమును కనబడినవి. మధ్యాహ్నమునకు సిద్ధము కావలసిన గది సాయంకాలమునకు గాని దొరకలేదు. వేడినీళ్లు రావు. ఈతకొలను మరమ్మతులో నున్నది. బిల్లులో అడుగకయే సేవారుసుము చేర్చబడినది. ఇవి మొదటి విధమైన లోపములు. అనగా మాట యిచ్చి తప్పుట. వీనిని గూర్చి నిలదీయుట అతిథికి హక్కు. తరువాత రానున్నవారి పట్ల బాధ్యత కూడ. తప్పుడు తూకమును సామెతల గ్రంథము ఖండించుచున్నది. అందమైన పటము చూపి అంతకంటె తక్కువ గది నిచ్చుటయు తప్పుడు తూకమే గదా!

దేశ శాసనమును ఈ విషయమై మౌనముగా లేదు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టమునకు బదులుగా 2019లో చేయబడిన చట్టము 2020 జులైలో అమలులోనికి వచ్చెను. సేవలోని లోపమునకును, మోసపుచ్చు ప్రకటనకును అందు పరిహారమార్గము కలదు. హోటళ్లు సేవారుసుమును తమంతట తాము బిల్లులో చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో ఆదేశింపగా, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దానిని సమర్థించెను. 1915 అను సంఖ్యకు ఫోను చేసి ఎవరైనను సహాయము కోరవచ్చును. మోసమును సహించి ఊరకుండుటయే సాత్వికమని తలంచుట పొరపాటు.

రెండవ విధమైన లోపములు వేరు. గాలికి ఇసుక గదిలోనికి వచ్చుచున్నది. తువ్వాళ్లు ఇంటివానివలె మెత్తగా లేవు. కూరలో మన కారము లేదు. అలలు పెద్దవై పిల్లలను లోనికి పోనియ్యకున్నవి. ఇవి ఎవరును తప్పిన వాగ్దానములు కావు. ఇచ్చిన డబ్బు పుట్టించిన కోరికలు. మేనమామ ఇంట చాపమీద ఫిర్యాదు లేక నిద్రించినవాడే ఇక్కడ పరుపు లోతును కొలుచుచున్నాడు. కారణమేమి? అక్కడ అతడు బంధువు, ఇక్కడ న్యాయాధిపతి. ఇచ్చిన ప్రతి రూపాయికి తగినది ముట్టినదా అని గంటగంటకు తీర్పు తీర్చువానికి విశ్రాంతి యెక్కడిది? అరణ్యములో మన్నాను రోజూ పొందుచు ఐగుప్తు కూరలను తలంచి సణిగిన జనుల కథ చదువరులు ఎరిగినదే. ఆకలి తీరినది గాని మనస్సు నిమ్మళించలేదు.

అట్లని బంధువుల ఇంటిని మరీ పొగడుటయు న్యాయము కాదు. అరుగుమీద మేనల్లుడు విశ్రమించిన ఆ దినములలో వంటింటిలో అత్తగారు తెల్లవారుజామున లేచి రాత్రి అందరి తరువాత పండుకొనెడిది. ఆమె సెలవును ఎవరు లెక్కించిరి? ఇక్కడ మూడవ లోపము బయలుపడుచున్నది. ఇది ఏ అతిథియు తన ఫిర్యాదు కాగితములో వ్రాయనిది.

హోటలులో అర్ధరాత్రి గంట మ్రోగగా మంచినీళ్లు తెచ్చు యువకుడు ఉదయము కాఫీ తెచ్చినవాడే కావచ్చును. పటమును అచ్చువేయించినవాడు యజమాని. దానికి తిట్లు తినువాడు గది తుడుచువాడు. నాల్గవ ఆజ్ఞ విశ్రాంతిని ఇంటి యజమానికి మాత్రమే విధింపలేదు. దాసుడును దాసియు, గుమ్మములలోనున్న పరదేశియు, పశువులును అందులో చేర్చబడియున్నారు. ఒకని విశ్రాంతి మరియొకని నిద్రను హరించి కట్టబడినయెడల అది ఆ ఆజ్ఞ చెప్పిన విశ్రాంతి కానేరదు.

హోటలు గోడ వెలుపల కూడ ఈ లెక్క కొనసాగును. పూరీ తీరమున అలలలో యాత్రికుల చేయి పట్టుకొని స్నానము చేయించు నోలియాలు జాలరులు. ఆంధ్ర తీరమునుండి వలసపోయినవారి సంతతి. పెంఠకటాలోని వారి ఇండ్లలో మాటలాడు భాష తెలుగే. జంషెడ్‌పూర్ తెలుగువాని తాత కొలిమికి పోయినట్లే వీరి పూర్వులు ఈ కెరటములకు వచ్చిరి. కాని తీరమున పెద్ద కట్టడములు పెరుగుకొలది వలలు ఆరవేయుటకును పడవలు నిలుపుటకును చోటు తగ్గును. నదులు, సముద్రతీరము మొదలగు వానిని ప్రభుత్వము ప్రజల కొరకు ధర్మకర్తగా కాపాడవలెనని 1996లో సుప్రీంకోర్టు హిమాచల ప్రదేశ్‌లోని ఒక విహార హోటలు వ్యాజ్యెములో తీర్పు చెప్పెను. కావున కిటికీలో సముద్రము చాలినంత కనబడలేదని విచారించువాడు, తన కిటికీ ఎవరి సముద్రమునకు అడ్డుగా నిలిచినదో కూడ విచారింపవలెను.

అయితే అతిథి యేమి చేయవలెను? మాట తప్పిన చోట నిర్వాహకునితో, వీలైనయెడల వ్రాతమూలముగా, శాంతముగా అడుగవలెను. గది తుడుచువానిమీద కేకలు వేయరాదు. గాలిని, ఇసుకను, అలలను వాని స్వభావమునకు విడిచిపెట్టవలెను. రాత్రి ప్రొద్దుపోయిన తరువాత అత్యవసరము లేనిదే గంట నొక్కరాదు. సేవచేసినవాని పేరు అడిగి తెలిసికొని, బలవంతపు రుసుమును నిరాకరించినను వాని చేతికి ప్రేమతో కొంత ఇయ్యవలెను.

1920లో సెలవు పొందిన కార్మికుడు తన దేహపు అలసటను మరియొకరు గుర్తించినందున దానిని పొందెను. ఆ సెలవు ఫలమును అనుభవించు మనుమనికి తన మంచము పరచువాని అలసటను గుర్తించు ఋణమున్నది. ఆ ఋణము బిల్లులో చేర్చబడదు. చెల్లించితిమా లేదా అని అడుగు గుమాస్తా యెవడును గుమ్మమునొద్ద నిలువడు.