మధ్యవర్తికి వచ్చు పేరు

పొలము బేరములు కుదుర్చు మధ్యవర్తులు నేడు డ్రోను ఎగురవేసి, చెరువును మామిడితోటను ఫోనులో చూపుచున్నారు. దూరమున నున్నవారికి ఇది మేలే. చూపినవానికి పేరును వచ్చుచున్నది. అయితే డ్రోనుకు తాకట్టు కనబడదు, అన్నదమ్ముల వాటా తగాదా కనబడదు. అవి మధ్యవర్తికి తెలియును. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టము లేఅవుట్లలో ప్లాట్లు అమ్మించు ఏజెంట్లను నమోదు చేయించుకొనుమన్నది గాని, విడి పొలముల బేరములు దాని క్రిందికి రావు. అక్కడ నోటిమాటయే రిజిష్టరు.

యిర్మీయా అనాతోతు పొలమును 17 తులముల వెండికి కొన్నప్పుడు సాక్షుల యెదుట తూచి ఇచ్చెను. ముద్రవేసిన పత్రముతోపాటు ముద్రలేని ప్రతియు ఉంచెను. మరుగేమియు లేదు.

మేమెరిగిన ఒక సహోదరుడు, "ఈ చేనికి బండిదారి లేదండీ" అని ముందే చెప్పెను. బేరము చెడినది, కమీషను పోయినది. ఆయన పేరు ఏ ఫోనులోను కనబడదు.