కొసరు

కూరగాయల బేరంలో మనకి ప్రాణప్రదమైనది కొసరు. కిలో టమాటాలు తూచాక, కాటా సరిగ్గా చూపించినా సరే, ఇంకో కాయ వేయించుకుంటేగాని తృప్తి ఉండదు. పైన నాలుగు పచ్చిమిరపకాయలు, ఓ కరివేపాకు రెబ్బ! ఊరికే వచ్చిన ఆ రెబ్బ ఇచ్చే సంతోషం, డబ్బిచ్చి కొన్న కిలో ఇవ్వదు. ఇందులో ధర్మాధర్మ విచారణ ఏముందీ అంటారా? ఉంది.

2023 జూలై గుర్తుందా? కిలో టమాటా నూరు దాటి, కొన్ని ఊళ్ళలో రెండు వందలకి కూడా ఎగబాకింది. ఆ నెలలో కొసరడిగిన ఇల్లాలు ఎవరైనా ఉన్నారా? పావుకిలో కొనుక్కుని, నోరు మూసుకుని వచ్చాం. పప్పులో టమాటా మానేసి చింతపండు పిసికాం. రెండు నెలలు తిరిగేసరికి కర్నూలు జిల్లాలో రైతులు గిట్టుబాటు కాక అవే టమాటాలను రోడ్డు మీద పారబోశారు. సరిగ్గా అప్పుడే మన కొసరు మళ్ళీ నోరు తెరిచింది. అంటే, అమ్మేవాళ్ళది పైచెయ్యి అయినప్పుడు అడగం. చెయ్యి కిందైనప్పుడే అడుగుతాం. దీన్ని పొదుపు అందామా, బలం చూపించడం అందామా?

ఈ ఎగుడుదిగుళ్ళన్నీ ఎవరిదో దురాశ అని తేల్చెయ్యడం తేలిక. కాని టమాటా సంగతి వేరు. ఎండలు మరీ ముదిరితే పూత రాలిపోతుంది. వానలు ఎక్కువైతే తెగులు పట్టి కాయ కుళ్ళుతుంది. అందుకే జూలై, ఆగస్టుల్లో సరుకు తగ్గడం దాదాపు ఏటా ఉన్నదే. ఆ ధర చూసి ఆశపడి నాలుగూళ్ళ వాళ్ళూ నారు నాటుతారు. రెండు, రెండున్నర నెలలకి అందరి కాయా ఒక్కసారే పండుతుంది. మదనపల్లె అంతటి పెద్ద టమాటా మార్కెట్టు కూడా ఆ వెల్లువను పట్టి ఉంచలేదు. ధాన్యంలా గాదెలో పోసుకునేది కాదు కదా! పండిన కాయ ఆగదు. ఆగలేనివాడు అడిగిన ధరకి ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నాడు గనుక అది న్యాయమైన ధర అనగలమా? నేననలేను.

"చాల్లెండి, మనమిచ్చే రెండు రూపాయలు రైతుకి చేరతాయా ఏమన్నానా?" అంటుంది మా పక్కింటావిడ. కొట్టిపారెయ్యదగ్గ మాట కాదు. 2024లో రిజర్వు బ్యాంకు వెలువరించిన ఒక అధ్యయనం ప్రకారం, టమాటాకి మనం పెట్టే రూపాయిలో రైతుకి దక్కేది సుమారు 33 పైసలే. పైగా ధరలతో పాటు మన జీతాలేం పెరగవు. రూపాయి రూపాయి చూసుకోకపోతే ఇల్లు గడవదు. ఆ జాగ్రత్తని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

అయితే, ప్రియమైనప్పుడు తగ్గించి కొనడం పొదుపు. చవగ్గా ఉన్నప్పుడు ఇంకా గుంజుకోవడం ఉత్త అలవాటు. రైతు సంగతి అటుంచండి. తెల్లవారకముందే టోకున కొని తెచ్చి ఎండలో కూర్చునే బుట్టావిడకి, మిగిలిన కాయలు సాయంత్రానికి మెత్తబడతాయి. మన కొసరు ఆమె రోజు కూలిలోంచే వస్తుంది. పెద్ద దుకాణంలో చీటీ మీద రాసిన ధర మారుమాటాడకుండా చెల్లించే మనం, ఈమె దగ్గర మాత్రం గొంతు పెంచుతాం.

కొసరడానికి మన ఇళ్ళల్లో ఇంకో అర్థం ఉంది. చుట్టం వస్తే కొసరి కొసరి వడ్డిస్తాం. అక్కడ కొసరడం అంటే పెట్టడం. బజారులో కొసరడం అంటే లాగడం. మాట ఒకటే, చెయ్యీ ఒకటే. గడప దాటితే గుణం మారిపోవాలా?

ఆమె తనంతట తాను "ఉంచు తల్లీ" అని ఓ కాయ వేస్తే సంతోషంగా తీసుకుందాం. అది ఆమె వడ్డన. అడిగి మాత్రం వేయించుకోవద్దు. టమాటాలు గుట్టలు పోసి అమ్మే రోజుల్లో ఇంకో రెండు కిలోలు కొని, ముక్కలు ఉప్పులో ఊరేసి, ఎండబెట్టి పచ్చడి పెట్టుకుందాం. అలా కొనే ఇళ్ళు పెరిగితే పారబోసే గంపలు కొన్నయినా తగ్గవూ? మళ్ళీ ధర మండేనాటికి జాడీ నిండా పచ్చడి ఉంటుంది. అదీ పొదుపే. ఎవరి నోటి దగ్గర కూడూ లాగని పొదుపు.