ఇజాజత్ అడగని బాట

మేము ఎక్కడికి పోయినా ముందు అడుగుతాం. అద్దె ఇంటి కోసం పోతే పేరు చెప్పి, మొహం చూసి, మెల్లగా అడుగుతాం. సభలో ఖాళీ కుర్చీ కనిపించినా పక్కవాణ్ని అడిగే కూచుంటాం. రైల్లో నమాజుకు జానెడు చోటు కోసం పెట్టెలో అందరినీ అడుగుతాం. అడగడం తహజీబు అని మా పెద్దలు నేర్పారు. ఆ తహజీబే మమ్మల్ని ఇంగ్లండులో ఒక గోధుమ చేని గట్టున నిలబెట్టింది. అక్కడ పుట్టిన ప్రశ్న ఇంకా మమ్మల్ని వదల్లేదు.

పీటర్‌బరో నగరంలో మా చుట్టాలున్నారు. ఆ నగరానికి వాయవ్యంగా ఆరేడు మైళ్ల దూరంలో హెల్ప్‌స్టన్ అనే పల్లె ఉంది. నేల అరచెయ్యిలా చదునుగా ఉంటుంది. ఫెన్స్ అని పిలిచే పల్లపు భూముల అంచు అది. గుట్ట లేదు, ఎక్కడం దిగడం లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా హాయిగా రెండు మూడు మైళ్లు నడవొచ్చు. ఎటు తిరిగినా చేలు, ముళ్లపొదల కంచెలు, దూరంగా గ్లింటన్ చర్చి గోపురం మొన. లండన్ నుంచి ఎడిన్‌బరో పోయే రైలు ఊరి గేటు దగ్గర ధడధడమని పోతుంది. అది పోయాక మళ్లీ పిట్టల చప్పుడే.

బాట చేని మధ్యనుంచే పోతోంది. మొదట్లో కంచెకు ఒక కట్టె మెట్టు. మనిషి దాటగలడు, గొడ్డు దాటలేదు. పక్కన గుంజ మీద పసుపు బాణం గుర్తు. చేలో ఆసామి ట్రాక్టరు మీదున్నాడు. మేం ఆగిపోయాం. చెయ్యెత్తి "పోవచ్చా?" అని అడిగాం. అతనికి ప్రశ్న అర్థం కాలేదు. మరోసారి అడిగాం. బాణం వైపు వేలు చూపించి తన పని తాను చేసుకున్నాడు. అది దయ కాదు, కోపమూ కాదు. ఇచ్చే అధికారం తనకు లేనిదాన్ని మేము అడిగాం, అంతే.

చేను అతనిది. చేని మీద గీత మాత్రం అందరిది. ఇంగ్లండు, వేల్స్‌లలో ఇలాంటి బాటలన్నీ కలిపితే సుమారు 1,40,000 మైళ్లు. 1949 చట్టం ప్రకారం కౌంటీ కౌన్సిళ్లు వాటిని పటాలకెక్కించాయి. ఒకసారి బాట అయిందంటే, చట్టప్రకారం మూసేదాకా అది బాటే. ఎవరూ నడవకపోయినంత మాత్రాన హక్కు పోదు. రైతు దున్నుకోవచ్చు. కానీ విత్తనం కోసం మొదటిసారి నేల కదిలించిన 14 రోజుల్లోగా బాట మళ్లీ తీర్చిపెట్టాలని 1990 చట్టం చెబుతోంది.

ఈ హక్కు ఎలా పుడుతుంది? జనం 20 ఏళ్లు ఆగకుండా నడిస్తే, ఆ దారిని జనానికి వదిలేసినట్టే చట్టం భావిస్తుంది. వదిలెయ్యలేదని ఆసామి రుజువు చేసుకుంటే తప్ప. అయితే ఆ నడకకు మూడు షరతులున్నాయి. బలవంతంగా నడవకూడదు. దొంగచాటుగా నడవకూడదు. అనుమతి తీసుకుని నడవకూడదు.

మొదటి రెండూ మాకు వెంటనే అర్థమయ్యాయి. మూడోది చదివి ఉలిక్కిపడ్డాం. ఇజాజత్ తీసుకుని నూరేళ్లు నడిచినా బాట మీది కాదట! ఇచ్చినవాడు ఏ రోజైనా వెనక్కి తీసుకోవచ్చు.

మా ఊరు కడప వైపు. ఊరి ఖబరస్తాన్‌కు పోవాలంటే ఒక చేని గట్టు దాటాలి. మా తాతల కాలం నుంచీ జనాజా మోసుకుపోయే ప్రతిసారీ ఒక పెద్దాయన ముందు నడిచి, "అన్నా, ఒకరిని మోసుకుపోతాండాం, దారి ఇయ్యి" అని అడిగేవాడు. "పోండి సాయిబూ" అనేవాళ్లు. ఎన్నడూ కాదనలేదు. ఆ మంచితనాన్ని మేము కాదనం. చేను చేతులు మారాక కంచె పడింది. "మీరే అడిగి పోయేటోళ్లు గదా, అట్లైతే అది మీ దారెట్లయితది?" అన్నాడు కొత్త ఆసామి. అప్పుడు అది మొండివాదన అనుకున్నాం. హెల్ప్‌స్టన్‌లో నడుస్తుంటే తెలిసింది, అతను తెలియకుండానే తెల్లదొరల న్యాయం మాట్లాడాడని. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం మా జిల్లా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో మొదటినుంచీ అమలైంది. అందులోనూ ఇదే 20 ఏళ్ల లెక్క. శాంతంగా, బహిరంగంగా, హక్కుగా అనుభవించాలనే ఇదే షరతు.

మరి మా తాత చేసింది తప్పా? శవాన్ని భుజాన పెట్టుకుని కూడా మర్యాద తప్పని మనిషి, తన మర్యాదతోనే మనవళ్ల హక్కు పోగొట్టాడా? ఇది మాకు చట్టం ప్రశ్న కాదు, నీతి ప్రశ్న.

జవాబు హెల్ప్‌స్టన్ చరిత్రలోనే కొంత దొరికింది. జాన్ క్లేర్ అనే కవి 1793లో ఆ ఊళ్లో కూలివాళ్ల ఇంట్లో పుట్టాడు. 1809లో పార్లమెంటు ఆ చుట్టుపక్కల ఊళ్ల ఉమ్మడి భూములకు కంచెలు వేసే చట్టం చేసింది. 1820కి ఆ పని పూర్తయింది. ఆవు మేసే బీడు, పుల్లలేరుకునే పొద, అడ్డంగా పడి పోయే బాట, అన్నీ ఎవరో ఒకరి సొత్తయ్యాయి. క్లేర్ బతుకుతెరువు కోసం ఆ కంచెలు నాటే కూలికీ పోయాడు. మూసుకుపోయిన దారుల గురించి కవిత్వమూ రాశాడు. ఆ ఊరి పేదలు అంతకుముందు ఉమ్మడి నేలను తరతరాలుగా వాడుకున్నారు. కాగితం అడిగినప్పుడు చాలామంది దగ్గర కాగితం లేదు. వాడుక ఉంటే చాలదు, వాడుకను హక్కు అని పైకి చెప్పేవాళ్లు కావాలి.

అలా చెప్పినవాళ్లు 1932 ఏప్రిల్ 24న కనిపిస్తారు. అది హెల్ప్‌స్టన్ లాంటి మైదానం కాదు, డెర్బీషైర్ గుట్టల ప్రాంతం. కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి కొన్ని వందల మంది పని మనుషులు, ఆసాముల కాపలాదార్లు అడ్డుపడుతున్నా ఎక్కారు. అయిదుగురు జైలుకు పోయారు. వాళ్లలో ముందున్నవాడు బెన్నీ రోత్‌మన్. యూదు కుటుంబంలో పుట్టిన మాంచెస్టర్ కుర్రాడు. ఈ సంగతి మేము మళ్లీ మళ్లీ తలుచుకుంటాం. తానే అక్కడ పరాయివాడిగా లెక్కయ్యేవాడు, అందరి దారి కోసం జైలుకెళ్లాడు.

చట్టం దారి ఇచ్చినంత మాత్రాన చూపులు దారి ఇస్తాయా? హెల్ప్‌స్టన్ బాట మీద ఒక ముసలావిడ ఎదురై "దారి తప్పారా?" అని అడిగింది. ప్రేమగానే అడిగింది. మా చేతిలో పటం ఉంది, తలమీద దుపట్టాలున్నాయి. ఆవిడ చూసింది పటాన్నో, దుపట్టానో మాకు తెలియదు. ఎవరినైనా అట్లాగే అడిగేదేమో కూడా. కానీ 2021 క్రిస్మస్ రోజున వందమందికి పైగా ముస్లింలు పీక్ డిస్ట్రిక్ట్ గుట్టల్లో కలిసి నడిచి ఫొటోలు పెడితే, వాటి కింద జాత్యహంకారపు రాతలు రాసినవాళ్లున్నారు. పటం మీద బాట అందరిదే. మనసుల్లో మాత్రం కొందరు ఇంకా ఇజాజత్ చూపించాలి.

అందుకే అడగడాన్నీ మర్యాదనూ వేరుచేసి చూడాలని మాకు తోచింది. ఆ పొలాల్లో నడిచేవాళ్లు గేటు తీస్తే మళ్లీ మూస్తారు. గొర్రెలున్నచోట కుక్కను తాడుతో పట్టుకుంటారు. ఎదురైనవాళ్లను పలకరిస్తారు. గీత దాటి పైరు తొక్కరు, తొక్కితే అది అతిక్రమణే. ఇదంతా మర్యాదే. కానీ ఎవరూ చేతులు కట్టుకుని నిలబడరు. హక్కున్నవాడి మర్యాదకు విలువుంది. హక్కు లేనివాడి మర్యాదను లోకం లొంగుబాటు కింద జమకడుతుంది. మా తాత తప్పు చెయ్యలేదు. ఆయన సలాం చెప్పాడు, విన్నవాళ్లు దాన్ని అర్జీ అనుకున్నారు. మేమూ అట్లాగే అనుకోవడం మొదలుపెట్టాం, అదే మా తప్పు.

హక్కు, హద్దు. ఈ రెండు మాటలూ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి నడిచొచ్చాయి. ఈ రోజు ఏ పల్లెలో గట్టు తగాదా వచ్చినా ఈ రెండు మాటలు లేకుండా పంచాయితీ సాగదు. వాటిని ఎవరూ "ఎవరు రమ్మన్నారు?" అని అడగరు. బలవంతంగా రాలేదు, దొంగచాటుగా రాలేదు, అనుమతి పత్రం పట్టుకుని రాలేదు. జనం నోట నడిచాయి, ఉండిపోయాయి.

మరుసటి రోజు మళ్లీ అదే చేలో నడిచాం. ట్రాక్టరు మీది మనిషికి చెయ్యూపి పలకరించాం. అతనూ చెయ్యూపాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

ఖబరస్తాన్ బాట సంగతి మా ఊరి పెద్దలతో మాట్లాడాం. ఇక మీదట కూడా చేని ఆసామికి సలాం చెబుతాం, పైరు తొక్కం, కష్టమొస్తే అతని భుజం కిందా మా భుజం పెడతాం. దారి ఇయ్యమని మాత్రం అడగం. ఇరవై ఏళ్ల లెక్క ఈ రోజు మొదలైనా సరే. మేము నలభైల్లో ఉన్నాం. ఆ లెక్క పూర్తయ్యేసరికి మమ్మల్ని మోసుకుపోయేవాళ్లకు ఆ బాట అవసరమవుతుంది.