సాక్షుల జాబితాలో మన పేరు ఉందా?

 

దైవప్రవక్త (స) ఒకసారి మదీనాలో తన సహచరులను పిలిచి, ఇస్లాం స్వీకరించామని చెబుతున్న వారి పేర్లన్నీ రాసి తీసుకురమ్మని ఆదేశించారు. అప్పుడు 1500 మంది పురుషుల పేర్లు రాశామని హజ్రత్ హుజైఫా (రజి) తెలిపారు. ఈ ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. ఆ తర్వాత హజ్రత్ ఉమర్ (రజి) తమ పాలనా కాలంలో 'దీవాన్' అనే పట్టికను ఏర్పాటు చేశారు. బైతుల్‌మాల్ నుంచి ఎవరికి ఎంత భృతి అందాలో పేరు పేరునా అందులో రాయించారు. అప్పుడే పుట్టిన పసిబిడ్డకు కూడా అందులో వాటా ఉండేది. పట్టికలో పేరు రాయించడం దుర్వ్యామోహమని గాని, దీన్‌కు సంబంధంలేని పని అని గాని ఆ మహనీయులు అనుకోలేదు.

మరి మన సంగతి ఏమిటి? మునిసిపల్ ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మన మొహల్లాల్లో ఒకటే మాట వినిపిస్తుంది: "పోయినసారి వేశాను, ఈసారి నా పేరు లేదట." 2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికల రోజున చేతిలో గుర్తింపు కార్డు పట్టుకుని వెళ్ళిన ఎంతోమంది పేరు లేదన్న జవాబుతో తిరిగొచ్చారు. కార్డు ఉన్నంత మాత్రాన ఓటు ఉన్నట్టు కాదు. జాబితాలో పేరు ఉంటేనే ఓటు. 2020 డిసెంబరు 1న హైదరాబాద్ మహానగర పాలక సంస్థకు 150 డివిజన్లలో పోలింగు జరిగితే, పేరున్న వారిలోనూ సగం మంది గడప దాటలేదు. మన వీధి దీపం, కొళాయి నీరు, మురుగు కాలువ, ఖబరస్తాన్‌కు వెళ్ళే దారి, ఇంట్లో బిడ్డ పుడితే రాసిచ్చే జనన పత్రం... ఇవన్నీ ఆ కార్యాలయంతో ముడిపడినవే.

ఓటు అనేది ఒక సాక్ష్యమని పెద్ద పెద్ద ఉలమాలు వివరించారు. ఫలానా వ్యక్తి ఈ బాధ్యతకు తగినవాడని మనం ఓటు ద్వారా సాక్ష్యం చెబుతున్నాం. సాక్ష్యాన్ని దాచవద్దని, దాచేవాని హృదయం పాపభూయిష్టమని అల్లాహ్ హెచ్చరించాడు (అల్ బఖర: 283). న్యాయం కోసం నిలబడండి, ఆ సాక్ష్యం మీకు గాని, మీ తల్లిదండ్రులకు గాని, బంధువులకు గాని వ్యతిరేకమైనా సరే అని ఆదేశించాడు (అన్నిసా: 135). అడగక ముందే సాక్ష్యం ఇచ్చేవాడే మేలైన సాక్షి అని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. న్యాయస్థానంలో సాక్షుల జాబితా తయారవుతుంటే ఇంట్లో పడుకుని, తీరా విచారణ నాడు "నన్నెందుకు పిలవలేదు?" అనేవాణ్ణి ఏమనాలి?

ఇక అర్హత విషయానికి వద్దాం. భారత పౌరులై, 18 సంవత్సరాలు నిండి, ఆ ప్రాంతంలో మామూలుగా నివసిస్తున్న వారెవరైనా ఓటరు కావచ్చు. మునుపు ఈ వయసు 21. రాజ్యాంగ సవరణ ద్వారా 1989లో దాన్ని 18కి తగ్గించారు. పూర్వం జనవరి 1వ తేదీ ఒక్కటే లెక్కలోకి వచ్చేది. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల 1వ తేదీలు నాలుగూ లెక్కలోకి వస్తున్నాయి. 17 నిండిన పిల్లలు ముందుగానే దరఖాస్తు ఇచ్చుకోవచ్చు.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మునిసిపల్ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘమే అయినా, దానికి ఓటర్లను వేరుగా నమోదు చేయరు. శాసనసభ ఓటర్ల జాబితానే తీసుకుని వార్డులవారీగా విడదీస్తారు. అందులో పేరు లేకపోతే ఇందులోనూ ఉండదు. విడదీసేటప్పుడు ఒకే ఇంటివారు రెండు వార్డుల్లో పడటమూ జరుగుతుంటుంది. కాబట్టి ముసాయిదా జాబితా అంటించినప్పుడే వెళ్ళి చూసి, తప్పుంటే అభ్యంతరం రాసివ్వాలి. పోలింగు నాడు వాదులాడితే దక్కేది గొంతు నొప్పి మాత్రమే.

కొత్తగా పేరు చేర్చడానికి ఫారం 6. పేరులో తప్పు దిద్దడానికీ, ఇల్లు మారినప్పుడూ ఫారం 8. మన ఇళ్ళలో ఈ ఫారం 8 అవసరం ఎక్కువ. ఒక కార్డులో 'షేక్' ముందుంటుంది, ఇంకో కార్డులో అసలే ఉండదు. 'మహమ్మద్' ఒకచోట పూర్తిగా, ఇంకోచోట రెండక్షరాలుగా ఉంటుంది. అమ్మ పేరు చివర ఒకచోట 'బీ', మరోచోట 'బేగం'. నికాహ్ అయి అత్తవారింటికి వచ్చిన కోడలి పేరు ఏళ్ళ తరబడి పుట్టింటి ఊళ్ళోనే ఉండిపోతుంది. ఇంట్లో మగవాళ్ళ కార్డులన్నీ సరిగ్గా ఉండి, ఆమె ఒక్కతె ఓటు లేకుండా ఉంటే, ఆమె హక్కు విషయంలో మనం అశ్రద్ధ చేసినట్టే.

గల్ఫ్‌లో ఉన్న మన కొడుకులు, అన్నదమ్ములు భారత పాస్‌పోర్టు వదులుకోనంత వరకు, పాస్‌పోర్టులోని చిరునామా దగ్గర ఫారం 6ఏ ద్వారా నమోదు కావచ్చు. అయితే ఓటు వేయడానికి మాత్రం స్వయంగా రావాలి.

ఇప్పుడు కాస్త చేదు మాట. పేరు లేకపోవడం గురించి మనం ఎంతగానో బాధపడతాం. ఉండకూడని పేరు ఉన్నప్పుడు మాత్రం నోరు మెదపం. ఊళ్ళో ఒక ఓటు, పట్నంలో ఒక ఓటు. చట్టం ప్రకారం ఒక మనిషి పేరు ఒక్కచోటే ఉండాలి. దరఖాస్తులో తెలిసి అబద్ధం రాస్తే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచండి. ఘోరమైన పాపాల గురించి చెబుతూ దైవప్రవక్త (స) అబద్ధపు సాక్ష్యం దగ్గరకు వచ్చేసరికి, ఆనుకుని ఉన్నవారు కాస్తా లేచి కూర్చున్నారు. ఇక ఆపితే బాగుండునని సహచరులు అనుకునేంతగా ఆ మాటనే మళ్ళీ మళ్ళీ చెప్పారు. ఇల్లు లేని చోట ఇల్లుందని సంతకం చేయడం, వయసు నిండని పిల్లవాడికి పుట్టిన తేదీ మార్చి రాయడం అబద్ధపు సాక్ష్యం కాక మరేమిటి? "అవతలివాళ్ళు చేయడంలేదా?" అంటారు కొందరు. ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించకూడదన్న దైవాజ్ఞ (అల్ మాయిద: 8) సరిగ్గా ఈ జవాబు కోసమే ఉన్నట్టుంటుంది.

ఇతరులకు చెప్పడం దేనికి, మా ఇంటి సంగతే చెబుతాం. ఒకసారి జాబితా తెరిచి చూస్తే, అల్లాహ్ సన్నిధికి చేరి మూడేళ్ళయిన మా నాన్నగారి పేరు అలాగే ఉంది. తీసేయించడానికి మనసు రాలేదు. కాని మా పేరు చెప్పుకుని, లేదా చెప్పకుండానే, ఎవరో ఒకరు ఆ పేరుతో ఓటు వేస్తే? బతికినన్నాళ్ళూ అబద్ధమాడని మనిషి పేరుతో అబద్ధం నమోదవుతుంది. ఆ సాయంత్రమే ఫారం 7 నింపి బూత్ స్థాయి అధికారికి ఇచ్చి వచ్చాం.

ఈ పని మస్జిద్ నుంచి మొదలైతే సులువు. ఒక జుమా నాడు ఇమామ్ సాహెబ్ ప్రకటిస్తే చాలు. చదువుకున్న ఇద్దరు యువకులు ఇషా నమాజు తర్వాత ఫోనులో జాబితా తెరిచి కూర్చుంటే, వారం రోజుల్లో మొహల్లా అంతా పూర్తవుతుంది. సందేహాలుంటే 1950 నంబరుకు ఫోను చేయవచ్చు. ఆడవాళ్ళ కోసం ఒక చదువుకున్న అమ్మాయి ఇంటింటికీ వెళ్తే ఇంకా మంచిది. అదే వీధిలోని హిందూ సోదరుల, క్రైస్తవ సోదరుల పేర్లు కూడా చూసిపెట్టాలి, వారూ మన పొరుగువారే. ఎవరికి ఓటు వేస్తారని మాత్రం అక్కడ ఎవర్నీ అడగవద్దు. పేరు, ఇంటి నంబరు, వార్డు నంబరు... అంతవరకే.