ఎర్ర సిరా దేన్ని దిద్దుతోంది?

ఏడో తరగతి కోయ అమ్మాయి ఒకామె తన ఊరి పండుగ గురించి అరపేజీ రాసింది. అందులో ఒక వాక్యం: ‘మా అక్కలు పొద్దున్నే వచ్చినయి.’ సారు ‘వచ్చినయి’ కింద ఎర్రగీత గీసి, ‘మీ అక్కలు గొడ్లా?’ అన్నాడు. తరగతంతా నవ్వింది. తర్వాత ఆ పిల్ల రాసిన వ్యాసాలన్నీ గైడులో చూసి ఎక్కించినవే. రాత ముత్యాల్లా ఉంటుంది. మార్కులు బాగా వస్తాయి. తన మాట మాత్రం ఒక్కటీ ఉండదు. ఇలాంటి నోటుబుక్కులు ఆశ్రమ పాఠశాలల్లో మనం ఎన్ని చూడలేదు?

అసలు ఆ పిల్ల చేసిన తప్పేమిటి? తెలుగులో ‘అమ్మ వచ్చింది’, ‘ఆవు వచ్చింది’. ఒక్కరున్నప్పుడు ఆడమనిషికీ ఆవుకూ క్రియ ఒకటే. పదిమందయ్యేసరికి ఆడవాళ్లు మగవాళ్లతో చేరి ‘వచ్చారు’ అవుతారు. గోండి, కోయ, కొలామిల్లో అలా కాదు. ఒకరైనా పదిమందైనా మగవాళ్లు ఒక వరుస, మిగిలినవన్నీ ఇంకో వరుస. ఆ పిల్ల తన ఇంటి వ్యాకరణాన్ని పద్ధతిగానే తెలుగులోకి తెచ్చింది. అక్కలను చిన్నచేయలేదు. ‘అమ్మ వచ్చింది’ అన్న తెలుగు పిల్లవాణ్ణి ‘మీ అమ్మ ఆవా?’ అని ఎవరూ అడగరు గదా! ‘భాష’ను ‘బాష’ అని రాయడమూ అంతే. మైదానం పిల్లలూ అలాగే రాస్తారు, కానీ వాళ్లను అడవి నుంచి వచ్చావా అనరు.

అయితే దిద్దనే వద్దా? మన యువకుల్లో కొందరు వద్దనే అంటున్నారు. మనం ఒప్పుకోలేం. రేపు ఆ పిల్ల పోడు పట్టా కోసం అర్జీ రాసుకోవాలి, ఉద్యోగం పరీక్ష రాయాలి. ఇప్పుడు దిద్దకుండా వదిలేస్తే ఆ నవ్వును పదేళ్లు వెనక్కి జరిపినట్టే. కానీ ‘ఇది తప్పు’ అని చెప్పడం అబద్ధం. ‘మన మాటలో అలా అంటాం, తెలుగులో ఇలా రాస్తారు’ అనడం నిజం. ఆ నిజం చెప్పాలంటే సారుకు పిల్ల భాష కొంతైనా తెలియాలి. చిక్కంతా అక్కడే.

పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. తెలుగు పిల్లలు గ్రాంథికం కాక తమ వాడుక మాటే రాయాలని పోరాడిందీ ఆయనే. తెలుగువారు ఆ రెండోదాన్ని పండుగ చేసుకుంటారు. మొదటిదాన్ని మనమైనా తలుచుకుంటున్నామా?

ఇంకో సంగతి దాచకూడదు. ఆ ఎర్రగీత గీసిన సారు బయటివాడు కాదు, మనవాడే. తల్లితో ఇప్పటికీ కోయలోనే మాట్లాడతాడు. చిన్నప్పుడు తనకూ అదే గీత పడిందట. ‘అందుకే నాకు తెలుగొచ్చింది, ఉద్యోగమొచ్చింది’ అంటాడు. ఆ గీతకు తలవంచుకుని బడి మానేసిన తోటిపిల్లలను అతను ఆ లెక్కలో కలపడు.