బొమ్మలో ఉన్న తాత ఎవరికి చెందుతాడు?

మా బడి ఒక పునరావాస కాలనీలో ఉంది. పోలవరం కాఫర్ డ్యాం వెనక నీరు ఎగదన్ని, దేవీపట్నం మండలంలో గోదావరి ఒడ్డు ఊళ్లను కమ్మేశాక వచ్చిన కోయ, కొండరెడ్డి పిల్లలే మా బడిలో ఎక్కువ. నేనూ కోయవాణ్ణే. కాకపోతే మా ఊరు మెట్టన ఉండడం వల్ల మునగలేదు. ఈ తేడా నాకూ పిల్లలకూ మధ్య ఎప్పుడూ ఉంటుంది.

ఒకరోజు డ్రాయింగ్ పీరియడ్‌లో ఇష్టమైంది గీయమన్నాను. ఐదో తరగతి పిల్లవాడొకడు కాగితమంతా నీలం క్రేయాను రుద్దేశాడు. అడుగున ఒక పాక, పాక ముందు నులక మంచం, మంచం మీద ముసలాయన. "తాతా?" అంటే "ఊఁ" అన్నాడు. ఆ తాత నీళ్లలో పోలేదు. కాలనీకొచ్చిన నాలుగు నెలలకు, ఈ సిమెంటు ఇంట్లోనే పోయాడు. అయినా మనవడు ఆయన్ని నీటి అడుగున, పాత వాకిట్లోనే కూర్చోబెట్టాడు.

నాకు గుండె పట్టేసినట్టయింది. టీచర్ ట్రైనింగ్‌లో చదువుకున్నదీ గుర్తొచ్చింది: పిల్లలు నోటితో చెప్పలేనిది బొమ్మలో చెప్తారని. ఆ మాట నిజమే. అలా చెప్పింది ఎవరితో అన్న సంగతి మాత్రం ఆ పుస్తకంలో లేదు.

కొన్నాళ్లకు పట్నంలో పిల్లల బొమ్మల ప్రదర్శన పెడుతున్నామని ఒకరు వచ్చారు. ఆ బొమ్మ చూడగానే అడిగారు. నేను ఇచ్చేశాను. పిల్లవాణ్ణి అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. మన పిల్లల కష్టం నలుగురూ చూస్తారన్న గర్వం ఒకటి. నా బడి పేరు వస్తుందన్న ఆశ కూడా ఉంది, దాచడం ఎందుకు.

ప్రదర్శనకు పిల్లల్ని తీసుకెళ్లాను. బొమ్మ కింద "నిర్వాసిత బాలుడి వేదన" అని అట్ట అంటించారు. వాడి పేరు లేదు, తాత పేరూ లేదు. జనం ఫోన్లతో ఫోటోలు తీసుకుంటున్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాడు: "మా తాతను అక్కడెందుకు పెట్టారు సార్?" నేను కిటికీలోంచి బయటికి చూశాను. బొమ్మ తిరిగివ్వమని రెండుసార్లు ఫోన్ చేశాను. రాలేదు. వాడు ఆ ఏడాది మళ్లీ క్రేయాను ముట్టుకోలేదు.

అప్పటినుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. బాధను బొమ్మగా గీస్తే మనసు తేలికవుతుందంటారు. ఆ బొమ్మను పదిమందికీ చూపిస్తే లోకం కదులుతుందంటారు. ఈ రెండూ ఒకటే పని అనుకున్నాను. కాదు.

చూపించడం తప్పని నేననను. 1943 బెంగాల్ కరువులో చిత్తప్రసాద్ మిడ్నాపూర్ ప్రాంతమంతా కాలినడకన తిరిగి, ఆకలితో పడి ఉన్నవాళ్లను నల్లసిరాతో గీశాడు. ఆ బొమ్మలతో వచ్చిన 'హంగ్రీ బెంగాల్' ప్రతుల్ని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని నాశనం చేసింది. అంటే ఆ బొమ్మలకు భయపడిందనే కదా. అయితే ఆయన తాను గీసిన మనుషుల పేర్లు, వాళ్లకు జరిగింది కూడా రాసుకున్నాడు. మా పిల్లవాడి అట్ట మీద ఆ పాటి మర్యాద కూడా లేదు.

రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి కూడా పిల్లల్ని తీసుకెళ్లాను. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, 1925లో మశూచితో పోయిన ఆ మనిషి గోదావరినీ కొండల్నీ ఎంత ప్రేమగా చిత్రించాడో! పిల్లలు మాత్రం "ఇందులో మన ఊరేది సార్?" అని వెతుక్కున్నారు.

మనవాళ్లలో బొమ్మకు వేరే దారి ఉంది. శ్రీకాకుళం కొండల్లోనూ ఒడిశాలోనూ ఉన్న సవరలు ఇంట్లో జబ్బు చేసినా, చావు జరిగినా ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో, పుల్లతో బొమ్మ వేస్తారు. వెరియర్ ఎల్విన్ దీని గురించి వివరంగా రాశాడు. ఆ బొమ్మ చూసేవాళ్ల కోసం కాదు, పోయినవాళ్లు వచ్చి ఉండడానికి వేసిన ఇల్లు అది. వేశాక పూజారి ద్వారా వాళ్లనే అడుగుతారు, సరిపోయిందా అని. ఏదైనా తక్కువైందంటే చేరుస్తారు. మన కోయల్లో ఇలవేల్పుల పడిగె కూడా ఉంది. మూడు మూలల గుడ్డ మీద వంశం కథంతా బొమ్మలుగా ఉంటుంది. దాన్ని వేల్పుల కొలుపులో విప్పి డోలీలు పాడతారు. ఎవరుపడితే వాళ్లు ఎప్పుడుపడితే అప్పుడు విప్పేది కాదు.

ఇదంతా మూఢనమ్మకమని కొందరు యువకులు నాతో వాదించారు. వేల్పు సంగతి పక్కన పెట్టండి తమ్ముళ్లూ. బొమ్మలో ఉన్నవాణ్ణి "నీకు సమ్మతమేనా" అని అడగడంలో మూఢత్వం ఏముంది? చదువుకున్న నేను అడగలేదు. అక్షరం రాని సవర ముసలాయన చచ్చిపోయినవాణ్ణి కూడా అడుగుతాడు.

ఇక మానడం సంగతి. బొమ్మ గీస్తే బాధ పోతుందని ఉపాధ్యాయ మిత్రులు నమ్మకండి. మునిగిన భూమికి బదులు భూమి కావాలి, దానికి కాగితాలు తిప్పాలి, అది వేరే పోరాటం. రంగులు పంచి ఆ పోరాటం నుంచి పిల్లల దృష్టి మళ్లించేవాళ్లను కూడా చూశాను. బొమ్మ చేసేది చిన్న పని. ఒంటరిగా మోసే బరువును పక్కవాడు ఓ చెయ్యి వేయగలిగేలా కింద దించుతుంది.

అది నేను మొన్న సంక్రాంతికి చూశాను. ఆ పిల్లవాడి నాయనమ్మ సిమెంటు గోడ బోసిగా ఉందని ఎర్రమట్టి మెత్తింది. సిమెంటు మీద మట్టి నిలవదని అందరూ చెప్పారు, వినలేదు. వాడు సున్నం ముంచిన పుల్లతో దాని మీద పాత ఊరు గీస్తున్నాడు. నేను వెళ్లేసరికి ఇరుగుపొరుగు ముసలమ్మలు అరుగు మీద చేరి తగువులాడుతున్నారు.

"చింతచెట్టు అక్కడ కాదురా, రేవుకి ఇవతల."

"దాని పక్కన మా పాక ఏదిరా?"

వాడు తడిగుడ్డతో చెరిపి మళ్లీ గీస్తున్నాడు. మంచం ఉంది, మంచం మీద తాత లేడు. నేనడగలేదు. అలవాటుగా ఫోన్ తీశాను. వాడు పుల్ల ఆపి నా చేతికేసి చూశాడు.

ఫోన్ జేబులో పెట్టుకుని, అరుగు మీద కూర్చున్నాను.

"మీరు మా ఊరు ఎప్పుడైనా వచ్చారా మాస్టారూ?" అని అడిగింది నాయనమ్మ. చిన్నప్పుడు ఒకసారి గండి పోశమ్మ తల్లి జాతరకెళుతూ దిగానని చెప్పాను. "అయితే రేవు మెట్లు ఎన్నో చెప్పండి" అంది.

నాకు గుర్తులేదు. పదకొండని ఒకావిడ, తొమ్మిదేనని ఇంకొకావిడ. పిల్లవాడు పుల్ల పట్టుకుని, వాళ్లు తేల్చుకునేదాకా ఆగాడు.