ఉప్పుకి నాలుక చాలదూ?

మా మేనల్లుడు మైక్రోబయాలజీ చదువుతున్నాడు. సెలవులకి రాజోలు దగ్గర మా ఊరొచ్చాడంటే వంటింటి గట్టెక్కి కూర్చుని, ఏదో ఒక వింత చెబితేగానీ వాడికి కాఫీ దిగదు. మొన్నటి వింత, నీళ్ళలో విషాన్ని పట్టిచ్చే సూక్ష్మజీవి.

ఆర్సెనిక్ అని ఒక విషం ఉంది చూశారూ, నీళ్ళలో కలిస్తే రంగూ రుచీ వాసనా ఏదీ ఉండదు. బంగ్లాదేశ్‌లో గొట్టపుబావుల నీళ్ళు తాగి ఎంతమందో దాని పాలబడ్డారు. లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన పేగుల్లో కాపురముండే ఇ.కోలై అనే జీవికి, ఆర్సెనిక్ తగిలితే గుర్తుపట్టి బయటికి నెట్టేసే తెలివి పుట్టుకతోనే ఉందట. 2006లో ఎడింబరో విశ్వవిద్యాలయం విద్యార్థులు ఆ తెలివికి ఓ గంట కట్టారు. జన్యువులు మార్చి, ఆర్సెనిక్ తగిలితే ఆమ్లం పుట్టించేలా చేశారు. ఆమ్లం పుడితే పరీక్షగొట్టంలో రంగు మారుతుంది. రంగు చూడ్డానికి చదువక్కర్లేదుగా!

"పాపం, దానిచేత అలా చాకిరీ చేయించుకోవడం న్యాయమేనట్రా?" అన్నాను.

"పూర్వం బొగ్గుగనుల్లోకి పిట్టల్ని పట్టుకెళ్ళేవారు అత్తయ్యా. విషవాయువుకి పిట్ట పడిపోతే మనుషులు పరిగెత్తేవారు. ఇది చావక్కర్లేదు, చెబితే చాలు."

"అయితే మన చెరువు పక్కవాళ్ళ బావికి ఒకటి తెచ్చిపెట్టు. నీళ్ళు ఉప్పగా ఉన్నాయంటున్నారు."

వాడు నవ్వేశాడు. "ఉప్పుకి అదెందుకూ? నాలుక చాలదూ?"

నాకు నవ్వు రాలేదు.

మూడేళ్ళ కిందట మా రెండెకరాల వరిచేను రొయ్యల చెరువుకి కౌలుకిచ్చాం. ఆ డబ్బుతోనే అమ్మాయి కాలేజీ ఫీజు గడుస్తోంది. పోయిన వేసవిలో ఆ పక్కింటావిడ చెంబుతో నీళ్ళు తెచ్చి, "ఓ గుక్క తాగి చూడండమ్మగారూ" అంది. నేను చెంబు ముట్టుకోలేదు. "ఎండాకాలం కదమ్మా, అలాగే ఉంటాయి" అన్నాను. "ఆయ్, అలాగేనండి" అని వెళ్ళిపోయింది.

ఆ సూక్ష్మజీవి నాలా చెయ్యలేదు. విషం తగిలిన క్షణాన దానికి ఫీజు గుర్తురాదు. అది మంచిదనీ నేను చెడ్డదాన్ననీ కాదు. దానికి దాచడం చేతకాదు, నాకు చేతనవును. నోటికి తెలియని విషాలకి అలాంటి సాక్షులు కావలసిందే, ప్రతి ఊరి బావికీ రావలసిందే. కానీ గొట్టంలో రంగు మారాక కళ్ళు తిప్పుకోకుండా చూడవలసింది మనమే కదా! ఆ పని ఏ జీవికి అప్పజెబుతాం?

నిన్న సాయంత్రం ఆవిడింటికి వెళ్ళి ఓ గ్లాసు నీళ్ళు అడిగి తాగాను. ఉప్పగానే ఉన్నాయి. మా కౌలు గడువు సంక్రాంతికి తీరుతుంది. మళ్ళీ ఇవ్వొద్దని మావారితో ఇంకా అనలేదు. ఇంతమందికీ చెప్పుకున్నాక ఇక అనక తప్పదు!